చూస్తేనే వంగే ట్రేలు

హ్యాచరీలోని గుడ్లు పొదిగే మూడో యంత్రం ఎవరైనా చూస్తూ ఉంటేనే ట్రేలను వంచుతుందని, చూసే మనిషి పక్కకు వెళ్ళగానే మొండికేస్తుందని అక్కడ అందరూ నమ్మేవారు. గుడ్లు ఏరే ఆడవాళ్ళు నమ్మేవారు. కోడిపిల్లల పెట్టెలను వ్యానులోకి ఎక్కించే డ్రైవరు నమ్మేవాడు. అంకెలను తప్ప దేన్నీ నమ్మనని చెప్పుకునే యజమాని కూడా నమ్మేవాడు. ఆ గదికి బాధ్యురాలైన మా చెల్లెలు అందరికన్నా గట్టిగా నమ్మేది. ఆ నమ్మకమే నిజమైతే, ఒక విడత గుడ్లన్నీ చచ్చిపోవడానికి కారణం ఆమె.

పొదగడం గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. కోడి గుడ్ల మీద కదలకుండా కూర్చుంటుందని మనం అనుకుంటాం. నిజానికి అది ముక్కుతో వాటిని మాటిమాటికీ దొర్లిస్తూనే ఉంటుంది. అలా దొర్లించకపోతే లోపల పెరుగుతున్న పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. యంత్రంలో కోడిముక్కు పనిని ఒక మోటారు చేస్తుంది. గంటకొకసారి ట్రేలన్నిటినీ ఎడమకు వంచుతుంది, మరుసటి గంటకు కుడికి. ఒక గంట తప్పితే ప్రమాదమేమీ లేదు. రోజుల తరబడి తప్పితే మాత్రం గుడ్డు గుడ్డుగానే మిగిలిపోతుంది.

మూడో యంత్రం కొత్తది. దాని ప్యానెలునూ, ఆ ప్యానెలును నడిపే ప్రోగ్రామునూ తయారు చేసింది యజమాని భార్య తమ్ముడు. అతన్ని అక్కడ అందరూ బామ్మర్ది అనే అనేవారు, ఆ షెడ్డు మొత్తానికీ అతను బామ్మర్దే అయినట్టు. మంచివాడు, కష్టపడేవాడు, ఎవరు ఏది అడిగినా కాదనలేనివాడు. ఆ యంత్రంలో మొదటి విడత గుడ్లు చక్కగా పొదిగాయి. రెండో విడత పెట్టాక, కూతురు ఇల్లు మారుతుంటే సామాను సర్దిపెట్టడానికని మా చెల్లెలు సెలవు పెట్టి వెళ్ళింది.

పిల్లలు బయటికి వచ్చే రోజున ఆ గది సంతలా ఉంటుంది. పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడదు. ఆ రోజు మాత్రం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదట. చెల్లెలు ఒక బల్ల దగ్గర కూర్చుని పెంకులు ఒక్కొక్కటీ పగలగొట్టి చూసింది. లోపల పిల్లలు తయారై ఉన్నాయి. ముక్కు ఉంది, తడి ఈకలు ఉన్నాయి, కాళ్ళకు గోళ్ళు కూడా వచ్చాయి. అన్నీ ఒక పక్కన పొరకు అంటుకుని ఉన్నాయి. "నేనుండాల్సింది" అని ఆమె అప్పుడన్న మాట ఆ తర్వాత ఇంట్లో ఏ సంభాషణకైనా చివరి మాట అయిపోయింది.

మరుసటి విడత పెట్టాక ఆమె యంత్రం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. వేళకు ట్రేలు వంగాయి. భోజనానికి వెళ్ళి వచ్చి చూస్తే వంగలేదు. మళ్ళీ కూర్చుంది, వంగాయి. ఆమె బదులు గుడ్లేరే ఒకామెను కూర్చోబెడితే అప్పుడూ వంగాయి. కుర్చీ ఖాళీగా ఉంచితే వంగలేదు. దాంతో పుకారు కాస్తా ఆ గదికి చట్టమైపోయింది. యంత్రం ముందు కూర్చోవడానికి వంతులు వేశారు.

యజమాని చెడ్డవాడు కాడు, కానీ నష్టపోయిన మనిషి. యంత్రానికి మనిషి చూపు కావాలని ఇప్పుడు అందరికీ తెలిసింది కదా, ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా వదిలేసి వెళ్ళింది నువ్వే కదా అని చెల్లెలితో అన్నాడట. ఈ విడత పిల్లలు దిగాక గది తాళాలు అప్పజెప్పమన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు. ఉద్యోగం పోతుందని ఆమె ఏడ్చి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. ఆయన అన్నది న్యాయమేనని ఆమె నాతో అన్నది.

నేను భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. చూపు వల్ల మోటారు తిరుగుతుందంటే ఊరుకోలేకపోయాను. ఒక ఉదయం వెళ్ళి, వంతు మనిషిని పంపేసి, గది బయట అద్దపు కిటికీ దగ్గర నిలబడి, వేళ దాటేదాకా ట్రేల మీదనుంచి చూపు తిప్పలేదు. ట్రేలు కదలలేదు. చూశారా, చూసినా వంగలేదు, కాబట్టి సంగతి చూపుది కాదని ప్రకటించాను. గుడ్లేరే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

"నీది చూపు కాదన్నయ్యా, అనుమానం" అన్నది చెల్లెలు. "నువ్వలా చూస్తే పాలే విరిగిపోతాయి, పాపం అదెంత?"

మనుషులు నమ్మకాన్ని కాపాడుకోవడానికి ఎంత తెలివి ఖర్చు పెడతారో చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. కాకపోతే ఈసారి ఆ తెలివికి మూల్యం చెల్లిస్తున్నది నా తోబుట్టువు.

ఆమె కూతురు, అంటే నా మేనకోడలు, ఆ ఆదివారం వచ్చింది. ఆ పిల్ల పని కంపైలర్ల మీద. కంపైలరంటే, మనిషి రాసిన ప్రోగ్రామును చదివి, అర్థం చేసుకుని, అనవసరమైన పనులు తీసేసి, యంత్రం చేయగలిగే చిన్న చిన్న ఆజ్ఞలుగా మార్చే మరో ప్రోగ్రాము. తన ఇల్లు సర్దడానికి వచ్చినందుకే తల్లి మీద ఈ నింద పడిందని దానికి తెలుసు. కుర్చీ సంగతంతా విని, తల్లిని ఒకటే అడిగింది.

"అమ్మా, ఆ కుర్చీలో కూర్చోగానే మొట్టమొదట ఏం చేస్తావు?"

"ఏం చేస్తానే, లోపల వేడి ఎంతుందో ప్యానెలు తెర మీద చూస్తాను."

"తెర ఆరిపోయి ఉంటే?"

"బటన్ నొక్కుతాను."

"మళ్ళీ ఆరిపోతే?"

"మళ్ళీ నొక్కుతాను. ఊరికే కూర్చుంటే పొద్దు పోవద్దూ?"

మేనకోడలు నా వైపు చూసింది. కిటికీ బయట నిలబడ్డ నా చేతికి ఆ బటన్ అందదు.

బామ్మర్దికి కబురు పంపాం. తెర దానంతటది ఆరిపోయేలా ఎప్పుడు పెట్టారని అడిగితే అతను తల గోక్కున్నాడు. మొదటి విడతంతా తెర వెలుగుతూనే ఉండేది. అలా వెలిగి వెలిగి మసకబారుతున్నదని, ఎవరూ ముట్టుకోకపోతే కాసేపటికి ఆరిపోయేలా మార్చాడు. ఆ మార్పు చేసిన వారమే మా చెల్లెలు సెలవు మీద వెళ్ళింది. రెండు సంగతులు ఒకే వారంలో జరిగితే జనానికి మనిషే కనిపిస్తుంది, బటన్ కనిపించదు.

అయినా తెరకూ మోటారుకూ సంబంధమే లేదని బామ్మర్ది ఒట్టేసినంత పని చేశాడు. తాను రాసిన వరుసలు లాప్‌టాప్‌లో తెరిచి చూపించాడు. నేను కూడా చదివాను. అతను చెప్పింది నిజమే. అందులో తెర పని తెరది, మోటారు పని మోటారుది.

"మీరు రాసింది తర్వాత చూస్తాను బాబాయ్‌గారూ. దాన్ని చదివి కంపైలర్ ఏమనుకుందో ముందు అది చూపించండి" అన్నది మేనకోడలు.

హ్యాచరీ ఆఫీసు గదిలో, పిల్లల పెట్టెల దొంతర పక్కన, నలుగురం ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. యజమాని గుమ్మంలో నిలబడ్డాడు, కూర్చుంటే ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని. మేనకోడలు కంపైలర్ తయారు చేసిన ఆజ్ఞలను పైనుంచి కిందికి వేలితో నడిపించుకుంటూ చదువుతూ ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. దాని మొహం చూస్తే దొరికిందని నాకు తెలిసింది. చిన్నప్పుడు భూతద్దం కింద మొదటిసారి చీమను చూసినప్పుడు కూడా అలాగే మొహం పెట్టింది.

దారి అక్కడ రెండుగా చీలింది. తెర వెలుగుతున్నప్పుడు నడిచే దారి ఒకటి, ఆరిపోయి ఉన్నప్పుడు నడిచే దారి ఒకటి. వెలుగుతున్న దారిలో, వేళయిందా అని చూసి ట్రేలు వంచమనే ఆజ్ఞ ఉంది. ఆరిన దారిలో ఆ ఆజ్ఞే లేదు. వంచాలా అని అడిగి, వద్దనుకోవడం కాదు. ఆ ప్రశ్న అడగడమే లేదు. బామ్మర్ది రాసిన వరుసను ఎవరో గోరుతో గీకేసినట్టు కంపైలర్ అక్కడినుంచి తీసేసింది.

"అది ఎందుకు తీసేస్తుందమ్మా? నేను రాశాను కదా" అన్నాడు బామ్మర్ది. అతని గొంతులో కోపం లేదు, తను వడ్డించిన విస్తరిని ఎవరో ఎత్తేసినట్టు నొచ్చుకోలు ఉంది.

మేనకోడలు ఆ మూలనున్న ఖాళీ గుడ్ల ట్రే ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. మెమరీ అంటే ఇలాంటి ట్రే అనుకోమన్నది. ప్రతి గుంటకూ ఒక నెంబరు ఉంటుంది, అదే దాని చిరునామా. ప్రోగ్రాము రాసేవాళ్ళు నెంబర్లు గుర్తుపెట్టుకోలేరు కాబట్టి గుంటలకు పేర్లు పెట్టుకుంటారు. బామ్మర్ది ప్రోగ్రాములో అలాంటి పేర్లు రెండున్నాయి: ఒకటి 'వేళ', ఒకటి 'వాలు'. అతను రాసిన పని వరుసగా ఇది. ముందు 'వాలు' గుంటను ఖాళీ చెయ్యి. గంట గడిచి ఉంటే 'వేళ' గుంటలో ఒక గుడ్డు పెట్టు. తెర వెలుగుతుంటే అంకెలు చూపించు. చివరగా 'వాలు' గుంటలో గుడ్డు ఉంటే ట్రేలు వంచు.

"గుడ్డు పెట్టేది 'వేళ'లో, వెతికేది 'వాలు'లోనా?" అన్నాను. ఇది ఎవరికైనా కనిపించే పొరపాటు అనిపించింది.

అప్పుడు బామ్మర్ది అసలు సంగతి చెప్పాడు. ఆ రెండూ ఒకటే గుంట. ఆ షెడ్డులో ట్రేలు వంగాల్సిన క్షణాన్ని కరెంటు పని చూసేవాళ్ళు వేళ అంటారు, గుడ్ల పని చూసేవాళ్ళు వాలు అంటారు. పాత యంత్రాల రోజులనుంచీ అంతే. ఏదో ఒక మాట ఖాయం చేద్దామంటే రెండో పక్షానికి కోపం వచ్చింది. కరెంటువాళ్ళు రాసిన పాత భాగంలో 'వేళ' ఉంది, గుడ్లవాళ్ళు చెప్పి రాయించిన కొత్త భాగంలో 'వాలు' ఉంది. ఎవరి మనసూ నొప్పించలేక అతను రెండు పేర్లూ ఉంచేసి, రెండూ ఒకే చోటివని కట్టేశాడు.

"ఆ సంగతి ఎవరికి చెప్పారు?" అన్నది మేనకోడలు.

"లింకర్‌కి."

మేనకోడలికి జవాబు దొరికిపోయింది. మాకు అర్థమయ్యేలా చెప్పింది. కంపైలర్ ఒక్కొక్క ఫైలునూ చదివి, తన ఆలోచన పూర్తిచేసి, లేచి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత లింకర్ అనే మరో ప్రోగ్రాము వచ్చి ఆ ముక్కలన్నిటినీ కలిపి, ఏ పేరుకు ఏ గుంటో అప్పుడు కేటాయిస్తుంది. వంట దింపాక వచ్చి ఉప్పు వద్దన్నట్టు, బామ్మర్ది ఆ మాట వెనకాల వచ్చినవాడి చెవిలో వేశాడు. కంపైలర్ ముందు ఉన్నవి రెండు పేర్లు మాత్రమే. రెండు వేర్వేరు పేర్లతో రెండు వస్తువులను ప్రకటిస్తే అవి రెండు వేర్వేరు చోట్ల ఉంటాయన్నది అది నడిచే నియమం. ఒకటే అయితే ఆ సంగతి దాని ఎదుటే చెప్పాలి.

"ఇప్పుడు అది ఆలోచించినట్టు ఆలోచించండి" అన్నది మేనకోడలు. "'వాలు'ను ఇప్పుడే ఖాళీ చేశాను. మధ్యలో గుడ్డు పడింది 'వేళ'లో. వేరే పేరు, వేరే చోటు. కాబట్టి 'వాలు' ఇంకా ఖాళీయే. ఖాళీ అని తెలిసినదాన్ని మళ్ళీ తొంగి చూడడం దేనికి? ట్రేలు వంచే అవసరమే రాదు. తీసేయ్."

యజమాని గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేశాడు. "మరి తెర వెలిగితే ఎందుకు వంగుతున్నాయమ్మా?"

"అంకెలు చూపించే పని వేరే ఫైలులో ఉందండీ. ఆ ఫైలులో ఏముందో ఇక్కడ కూర్చున్న కంపైలర్‌కి కనిపించదు. అక్కడికి వెళ్ళిన పని, పోతూ పోతూ 'వాలు'లో గుడ్డు పెట్టి వచ్చిందేమో, ఎవరు చూశారు? కనిపించని చోట ఏమైనా జరిగి ఉండొచ్చు. అందుకని తిరిగి రాగానే 'వాలు'ను మళ్ళీ తొంగి చూస్తుంది. చూస్తే గుడ్డు ఉంటుంది. వంచుతుంది."

మా చెల్లెలు నా వైపు తిరిగింది. "అంటే, చూడనిదాన్ని నమ్మదన్నమాట. అచ్చం నీలాగే అన్నయ్యా."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కాని ఆ మాట నన్ను పట్టుకుంది. జీవితమంతా నేను తరగతి గదుల్లో చెప్పింది ఆ ఒక్క పాఠమే. చూడనిది జరగలేదని అనకు, జరిగిందనీ అనకు. చెప్పినదానినుంచి ఏది తప్పక వస్తుందో అది మాత్రమే అను. ఆ పాఠాన్ని నేనే ఎన్నోసార్లు తప్పాను, ఆకలి వేసి, విసుగొచ్చి, ఇష్టమైనవాళ్ళ వైపు మొగ్గి. ఇక్కడ ఒక ప్రోగ్రాము, ఎవరూ మెచ్చుకోని చోట, ప్రతి వరుస దగ్గరా ఆ పాఠాన్ని పాటిస్తున్నది. ఈ పేరూ ఆ పేరూ ఒకటే కావచ్చునా, కాలేవా, తెలియదా అని ప్రతి అడుగులోనూ తనను తాను అడుగుతున్నది. కావచ్చునంటే వెళ్ళి చూస్తుంది. తెలియదంటే కూడా వెళ్ళి చూస్తుంది. కాలేవని రుజువైతేనే చూడడం మానేస్తుంది. ఈ యంత్రంలోనే కాదు, మనం నొక్కే ప్రతి బటన్ వెనకాలా ఏదో ఒక కంపైలర్ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకునే ఉంటుంది.

మరొక సంగతి నన్ను ఇంకా లోతుగా పట్టుకుంది. కంపైలర్ ఆ ఆలోచన చేసేనాటికి ఆ గుంటలే లేవు. ఏ పేరుకు ఏ నెంబరో ఇంకా ఎవరూ నిర్ణయించలేదు. ఎక్కడుంటాయో తెలియని రెండు చోట్ల గురించి, అవి ఎక్కడున్నా సరే ఒకటి కావని అది తేల్చింది. తర్కంలో ఒక్క పొరపాటూ లేదు. నేను ఎంత వెతికినా దొరకలేదు. అది నమ్మిన మాట ఒకటి అబద్ధం, అంతే, ఆ అబద్ధం కూడా దానిది కాదు, మొహమాటంకొద్దీ మనిషి వదిలింది. గోడ అవతల యంత్రాల్లో వేల గుడ్లు వెచ్చగా ఉన్నాయి, వాటిలో పుట్టని పిల్లలున్నాయి. ఆ నిమిషంలో నాకు పెంకు లోపలి రహస్యానికీ, కంపైలర్ లోపలి ఆ తర్కానికీ మధ్య పెద్ద తేడా కనిపించలేదు. మేనకోడలు ఆ ఆజ్ఞల వరుస మీదనుంచి ఇంకా వేలు తీయలేదు. రోజూ ఇదే పని చేసే మనిషికి కూడా అది పాతబడలేదని అర్థమైంది.

చెల్లెలికి కావలసింది ఇది కాదు. ఆమె కూతురి చెయ్యి పట్టుకుంది.

"నేనుంటే బతికేవా?"

మేనకోడలు అబద్ధం చెప్పే పిల్ల కాదు. "నువ్వుండి బటన్ నొక్కుతూ ఉంటే బతికేవి. నువ్వుండి, నొక్కకుండా, రెప్ప వేయకుండా ప్రేమగా చూస్తూ కూర్చున్నా చచ్చిపోయేవి. దానికి నువ్వెవరో తెలియదమ్మా."

యజమానికి ఇంకా ఒక సందేహం మిగిలింది. మాటలు బాగానే ఉన్నాయి గాని ఇంతమంది కళ్ళారా చూసింది అబద్ధమా అన్నాడు. పరీక్ష పెట్టమన్నాను నేను. ఏం జరుగుతుందో ముందే చెప్పి పరీక్షిస్తే తప్ప లెక్కలోకి రాదని మేనకోడలు అన్నది. తన తల్లి కుర్చీలో కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుని, బటన్ ముట్టుకోకుండా చూస్తూ ఉంటే ట్రేలు వంగవని ముందే చెప్పింది. ఆ తర్వాత బామ్మర్ది ఒక పేరు తీసేసి ప్రోగ్రామును కంపైలర్‌కు మళ్ళీ ఇస్తే, గదిలో ఎవరూ లేకపోయినా, తెర ఆరి ఉన్నా వంగుతాయని చెప్పింది.

చెల్లెలు వెళ్ళి కూర్చుంది. ఆ గంట ఆమె ట్రేలను చూసినట్టు పసిపిల్లను కూడా ఎవరూ చూసి ఉండరు. గుడ్లేరే ఆడవాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు. వేళ వచ్చింది, దాటింది. ఎడమకు వంగి ఉన్న ట్రేలు ఎడమకే ఉండిపోయాయి. చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. అది దుఃఖమో, బరువు దిగడమో నేను చెప్పలేను. ఒకామె మాత్రం, ఇవాళ అక్క మనసు బాగాలేదు, అందుకే దానికి చూపు ఆనలేదు అన్నది.

ఏ పేరు తీసెయ్యాలో తేలడానికే ఎక్కువసేపు పట్టింది. కరెంటు మనిషిని పిలిచారు, గుడ్ల పనివాళ్ళు గొంతు పెంచారు, బామ్మర్ది ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. చివరికి యజమాని విసుక్కుని, ఇకనుంచి వాలు అనాలని తేల్చేశాడు. బామ్మర్ది 'వేళ' అని ఉన్నచోటల్లా దిద్ది, ప్రోగ్రామును మళ్ళీ ప్యానెలులోకి ఎక్కించాడు. మేనకోడలు కొత్త ఆజ్ఞలు చదివింది. ఇప్పుడు రెండు దారుల్లోనూ ట్రేలు వంచమనే మాట ఉన్నదని చెప్పింది.

ఈసారి ట్రేలు వంగకపోతే ఈ విడత పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు, తాళాలు ఇవాళే ఇచ్చేస్తానని చెల్లెలు తనంతట తానే అన్నది. యజమాని తల ఊపాడు. కుర్చీని ఆమే బయటికి తెచ్చింది. కిటికీ అద్దానికి లోపలినుంచి అట్టముక్క అంటించింది. తెర ఆరేదాకా ఆగి, తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి యజమాని చేతికిచ్చింది. అందరం ఆఫీసు గదిలోకి వెళ్ళాం. వేళ దాటాక యజమానే లేచి వెళ్ళి తాళం తీశాడు.

ఆ గంటసేపు గదిలో ఎవరూ లేరు, ట్రేలను ఎవరూ చూడలేదు. తలుపు మూసినప్పుడు అవి ఎడమకు వంగి ఉన్నాయి. తెరిచినప్పుడు కుడికి వంగి ఉన్నాయి.